చివరి సీటు దాకా

ఆర్డిత్ క్వామ్ గురించి మా ఊళ్ళో ఇప్పుడు రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. రూలు పట్టుకుని వేలాడి ఒక ముసలి జంటని చలిలోకి వెళ్ళగొట్టిందని కొందరు. ఆవిడ మెతకదనమే కొంప ముంచిందని మరికొందరు. అందరూ బెల్నాప్ బజార్లో వెచ్చగా కాఫీ తాగుతూ మాట్లాడేవాళ్ళే, ఒక్కడూ ఆ చలిలో నిలబడ్డవాడు కాదు. ఓర్విన్ సరస్సు పార్కులో పంతొమ్మిదేళ్ళుగా మరుగుదొడ్లు కడుగుతూ, పగిలిన నీళ్ళ గొట్టాలు అతుకుతూ బతుకుతున్నవాణ్ణి నేను. పేరు కర్బీ. జరిగింది జరిగినట్టు చెప్పగలిగింది నేనొక్కణ్ణే, ఎందుకంటే అందులో నా చెయ్యి కూడా ఉంది. చెయ్యి అనడం సరికాదేమో, నా నోరు ఉంది.

ఆవిణ్ణి నేను మొదట చూసింది బడి బస్సులో. నాకప్పుడు ఆరేళ్ళు, ఆవిడకి పాతికేళ్ళు. పెద్ద పసుపు బస్సు, సన్నటి మనిషి, స్టీరింగు ముందు కూర్చుంటే వెనక నుంచి జడ చివర తప్ప ఇంకేం కనిపించేది కాదు. నోరు మాత్రం చివరి సీటు దాకా వినిపించేది. "అల్లరి చేసినవాణ్ణి దింపేస్తా, ఎలుగుబంటితో కలిసి నడుచుకుంటూ ఇంటికి పో" అనేది. ఎవర్నీ దింపింది లేదు. సాయంత్రం అందర్నీ ఇళ్ళ దగ్గర వదిలేసి, బస్సు షెడ్డులో పెట్టి, ఇంజను ఆపి, అప్పుడు లేచి సీట్ల మధ్య నుంచి చివరి సీటు దాకా నడిచేది. ప్రతి సీటు కిందా వంగి చూసేది. ఖాళీ బస్సులో ఏం పారేసుకున్నావని మిగతా డ్రైవర్లు వేళాకోళం చేసేవాళ్ళట.

ఒక జనవరి శుక్రవారం చివరి సీటు కింద నేను దొరికాను. ఒంట్లో జ్వరం, ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. నేను పిన్ని వాళ్ళింట్లో దిగిపోయాననుకుంది మా అమ్మ. ఆ షెడ్డు మళ్ళీ తెరిచేది సోమవారం పొద్దునే. ఆ రాత్రి సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి గడ్డకట్టిందని తరవాత చెప్పారు. ఆవిడ నన్ను కాళ్ళు పట్టి బయటికి లాగి, తన కోటులో చుట్టి, భుజం మీదేసుకుని మా ఇంటికి మోసుకొచ్చింది. అప్పట్నుంచి ఆవిడకి నేను చివరి సీటోణ్ణి. నాకు యాభై దాటి, జుట్టు ఊడి, మనవలు పుట్టాక కూడా నలుగురిలో "ఒరేయ్ చివరి సీటోడా" అనే పిలిచేది. నేను మాత్రం మిసెస్ క్వామ్ అనే అనేవాణ్ణి. ఆ బస్సు ఎక్కి దిగినవాళ్ళం ఎవరం ఇంకోలా పిలవలేం.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు బస్సు నడిపింది. పిల్లలు లేరు. భర్త ఎయినర్ కలప మిల్లులో ఏళ్ళ తరబడి దేవదారు పొట్టు పీల్చి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. "వంటింట్లో ఆ రెండో కుర్చీని చూడలేకపోతున్నా" అని ఇల్లమ్మేసి, ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, చిన్న ట్రైలర్ ఒకటి కొనుక్కుని మా క్యాంపుకి హోస్ట్‌గా వచ్చింది. హోస్ట్ అంటే జీతం లేని కావలి మనిషి. మే నుంచి అక్టోబరు ఆఖరు దాకా ఒకటో నంబరు స్థలంలో ఊరికే ఉండొచ్చు. బదులుగా కట్టెల మోపులు అమ్మాలి, పొయ్యి గుంటల్లో బూడిద ఎత్తాలి, తాగి గోల చేసేవాళ్ళ నోరు మూయించాలి, ఏ నంబర్లో ఎవరున్నారో చూసి సాయంత్రానికి జాబితా రాసి ఆఫీసు పెట్టెలో వెయ్యాలి. చలికాలం ఆరు నెలలూ అరిజోనాలో చెల్లెలి పెరట్లో ట్రైలర్ నిలుపుకునేది. అంతే ఆవిడ సంసారం.

మా క్యాంపుకి వచ్చేవాళ్ళ సంగతి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. సెలవు రోజుల్లో ఇంటికన్నా పెద్ద బండి వేసుకుని వస్తారు. వచ్చి బీరు డబ్బాలు పొయ్యిలో కాలుస్తారు, చేపల పేగులు స్నానాల గదిలో కడుగుతారు. సరస్సులో లూన్ పిట్టలు తెల్లవారుజామున కూస్తున్నాయని, వాటినేమైనా చెయ్యమని ఒక పెద్దమనిషి నా దగ్గరికి ఫిర్యాదుకి వచ్చాడు. అటువంటివాళ్ళని కూడా మిసెస్ క్వామ్ బడి పిల్లల్లా సర్దుకొచ్చేది. నిప్పు మీద మట్టి కప్పి ఆరిపోయిందని చెప్పేవాణ్ణి చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళేది. "నీళ్ళు పొయ్యి. కలుపు. ఇప్పుడు చెయ్యి పెట్టి చూడు. నువ్వు పెట్టలేకపోతే అది ఆరనట్టే" అనేది.

చీకటి పడుతుండగా టార్చి పుచ్చుకుని నలభై రెండు నంబర్లూ నడిచేది. బస్సులో నడిచినట్టే, ఒకటి నుంచి చివరిదాకా, ఒక్కటీ వదలకుండా. సెప్టెంబరు వచ్చి చలి మొదలయ్యాక ప్రతి ట్రైలర్ తలుపూ మూడుసార్లు తట్టి "రెండు వేళ్ళు!" అని అరిచేది. గ్యాస్ హీటర్ వెలిగించుకునేవాళ్ళు పైకప్పు కిటికీ రెండు వేళ్ళంత సందు తెరిచి పెట్టాలని దానర్థం. పక్క లోయలో ఒక వేటగాడు, వాడి కుక్క, వెచ్చదనం పోతుందని అన్నీ బిగించుకుని పడుకుని, హీటర్ వదిలే విషగాలికి మళ్ళీ లేవలేదు, అప్పట్నుంచి ఆవిడకిదో పట్టుదల. తలుపు తీసి, సందు చూపించి, రెండు వేళ్ళూ అందులో పెట్టి చూపిస్తే గానీ కదిలేది కాదు. పిల్లలు ఆవిడ కనిపిస్తే చాలు రెండు వేళ్ళు ఎత్తి చూపించి నవ్వేవాళ్ళు. ఆవిడా ఎత్తేది.

మెర్ల్ స్టకీ, వాళ్ళావిడ ట్వైలా నలభై రెండో నంబరుకి వచ్చింది నిరుడు సెప్టెంబరు ఇరవై అయిదున. మెర్ల్ మిల్లులో ఎయినర్‌తో పనిచేసినవాడు, మోకాళ్ళు పోయి మానేశాడు. ట్వైలా బెల్నాప్‌లో ముప్ఫై ఏళ్ళు జుట్టు కత్తిరించింది, ఊళ్ళో సగం తలకాయలు ఆవిడ చేతి కింద వంగినవే. వాళ్ళు అద్దెకుంటున్న ఇంటిని ఎవరో సెలవులకొచ్చే నగరంవాళ్ళు కొనుక్కున్నారు. వీళ్ళకి పాత ట్రైలర్ ఒకటి మిగిలింది. పెద్దవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళల్లో ఒక గది వీళ్ళ పేరున వచ్చింది, తాళం చెవి చేతికొచ్చేది అక్టోబరు పదిహేను పొద్దున. అప్పటిదాకా గడిస్తే చాలు. గడపడానికి మా క్యాంపు.

క్యాంపులో ఎవరైనా పద్నాలుగు రోజులే ఉండాలి. ఆ తరవాత పదహారు రోజులు ఈ గేటు లోపలికి రాకూడదు. ప్రతి స్థలం ముందూ ఒక గుంజ, గుంజకి ఒక చీటీ, చీటీ మీద వెళ్ళాల్సిన తేదీ. ఇళ్ళు లేక పార్కుల్లో కాలం గడిపేవాళ్ళు మా దగ్గర చాలామందే ఉంటారు. పద్నాలుగు రోజులు ఇక్కడ, పదహారు కనుమ అవతల అడవిలో, మళ్ళీ ఇక్కడ. స్టకీల ట్రక్కు గేరు పెట్టె చచ్చే స్థితిలో ఉంది, ట్రైలర్ లాక్కుంటూ కనుమ ఎక్కడం దాని వల్ల కాదు. అక్టోబరు తొమ్మిది మధ్యాహ్నానికి వాళ్ళ చీటీ గడువు తీరుతుంది. మధ్యలో ఆరు రాత్రులు. కథంతా ఆ ఆరు రాత్రులదే.

ఆ రెండు వారాల్లో మిసెస్ క్వామ్‌కీ ట్వైలాకీ స్నేహం కుదిరింది. ఒక మధ్యాహ్నం ట్వైలా ఆవిణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టి జుట్టు కత్తిరిస్తోంది. నేను చెత్త డబ్బాలు ఎత్తుకుంటూ అటు వెళ్ళాను.

"ఏంటి మిసెస్ క్వామ్, పెళ్ళి చూపులా?" అన్నాను.

"నోర్మూసుకుని నీ చెత్త నువ్వు ఎత్తుకో. ట్వైలా, వీడిది కూడా కాస్త కత్తిరించు."

"ఏముందని కత్తిరించను? ఉన్న నాలుగింటికి పేర్లు పెట్టుకోవాలి" అంది ట్వైలా. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎయినర్ పోయాక ఆవిడ అలా నవ్వడం నేను మళ్ళీ అప్పుడే చూశాను.

తొమ్మిదో తారీకు మధ్యాహ్నం ఆవిడే వెళ్ళి నలభై రెండో నంబరు చీటీ తీసింది. నన్ను తియ్యమంటే తీసేవాణ్ణి, అడగలేదు. ఆ వేసవిలోనే పై క్యాంపులో ఒక హోస్ట్ తన బావమరిదిని గడువు దాటినా ఉండనిచ్చాడని తీసేశారు. కొత్త మేనేజర్ ఓల్డకర్, ముప్ఫై ఏళ్ళ పిల్ల, చెడ్డది కాదు, పైవాళ్ళు చెప్పింది చేస్తుంది. హోస్టులందర్నీ కూర్చోబెట్టి, "చూసింది రాయండి, అంతకన్నా నేనేమీ అడగను" అంది. మిసెస్ క్వామ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళలో ఆవిడ జాబితాలో అబద్ధం ఒక్క గీత కూడా లేదు.

మెర్ల్ ట్రక్కుకి ట్రైలర్ తగిలిస్తున్నాడు. ట్వైలా బల్ల మీది గుడ్డ మడత పెడుతోంది.

"ఎక్కడికెళ్తారు?" అంది మిసెస్ క్వామ్.

"ఊళ్ళో సరుకుల కొట్టు ముందు ఖాళీ జాగా ఉంది కదా. అక్కడ పెట్టుకుంటాం" అన్నాడు మెర్ల్.

"అక్కడ ఉండనివ్వరు."

"అయితే ఇంకోచోట. నువ్వు బెంగ పెట్టుకోకు, ఆర్డిత్. రూలు నువ్వు రాసింది కాదుగా."

ట్వైలా వచ్చి ఆవిడ మెడ మీద అతుక్కున్న వెంట్రుక ఒకటి తీసి పారేసింది. "వెనకాల కొంచెం వంకర వచ్చింది. మేం గదిలోకి మారాక వచ్చెయ్, సరిచేస్తా" అంది. ట్రక్కు వెళ్ళిపోయింది. దాని ఇంజను బెల్టు వదులై, ఈల వేసినట్టు కీచుమని అరుస్తూ గేటు దాకా వినిపించింది.

ఆ సాయంత్రం నేను పని ముగించుకుని ఆవిడ ట్రైలర్ ముందు కూర్చున్నాను. రోజూ అలా కూర్చుని ఒక కప్పు కాఫీ తాగి ఇంటికి పోవడం నాకు అలవాటు. ఆఫీసు అయిదింటికే మూసేశారు. క్యాంపులో మేం కాక అయిదారు బళ్ళున్నాయంతే. కొండ మీద లార్చ్ చెట్లు పసుపు తిరిగి ఉన్నాయి. వెలుతురు సన్నగిల్లే వేళకి ఆ బెల్టు కీచు మళ్ళీ వినిపించింది. గేటు లోంచి వచ్చి, వెనక దారిన మెల్లగా, మా ముందు నుంచి కాకుండా, నలభై రెండు వైపు పోయి ఆగింది. సరుకుల కొట్టువాళ్ళు తరిమేశారని తరవాత తెలిసింది.

మిసెస్ క్వామ్ కప్పు కింద పెట్టింది. తరవాత టార్చి తీసుకుని లేచింది. నాకు ఆవిడ మొహం చూస్తే అర్థమైపోయింది. చూస్తే రాయాలి. రాస్తే పొద్దున్నే ఓల్డకర్ వస్తుంది. రాయకపోతే పదకొండేళ్ళ మాట పోతుంది, బహుశా ఒకటో నంబరూ పోతుంది. అప్పుడు నేను నోరు తెరిచాను.

"ఇవాళ నలభై దగ్గర తిరిగి వచ్చెయ్యండి, మిసెస్ క్వామ్."

"ఏమన్నావ్?"

"నలభై దాటితే కదా కనిపించేది. చూసింది రాయమంది ఆ పిల్ల. చూడనిది ఎలా రాస్తారు? ఆరు రాత్రులు. ఆరు రాత్రులకి ఆకాశం విరిగి పడదు."

"నేనెప్పుడూ మధ్యలో తిరగలేదురా."

"ఇప్పుడు తిరగండి. ఒక్కసారి జీవితంలో కళ్ళు మూసుకుంటే ఏం పోతుంది?"

నేనప్పుడు చాలా తెలివైన మాట చెప్పాననుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంటికి వెళ్ళేదాకా ఆ మాట తలుచుకుని మురిసిపోయాను కూడా. ఆవిడ వెళ్ళింది. టార్చి వెలుతురు ఒక్కో నంబరూ దాటుకుంటూ పోయి, నలభై దగ్గర ఆగి, వెనక్కి వచ్చింది. జాబితాలో నలభై ఒకటి, నలభై రెండు దగ్గర ఏమీ రాయలేదు. ఖాళీ అని కూడా రాయలేదు, చూడలేదు కదా.

పొద్దున ఆరున్నరకి, ఆఫీసు తెరవకముందే, బెల్టు కీచు బయటికి వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చింది. రెండో పొద్దున మిసెస్ క్వామ్ బల్ల మీద ఒక సీసా ఉంది, కొండ మీద కోసిన హకల్‌బెర్రీల జామ్. పేరు లేదు, చీటీ లేదు. ఆవిడ దాన్ని లోపల పెట్టుకుంది గానీ మూత తియ్యలేదు.

"తినండి, దొంగతనం చేసింది కాదుగా" అన్నాను.

"పదిహేనో తారీకున తింటా. ట్వైలా ఎదురుగా కూర్చుని తింటా" అంది.

మూడో రోజు, నాలుగో రోజు, అయిదో రోజు అలాగే గడిచాయి. ఆవిడ మాత్రం మనిషి మారిపోయింది. కాఫీ తాగుతున్నప్పుడు చెవి అటే ఉండేది. "వాళ్ళ హీటర్ గ్యాస్ బుడ్డి తగిలించుకునేది, చిన్నది. అసలు హీటర్ పాడై నెలయింది" అని ఒకసారి, "ట్వైలాకి చెప్పాన్లే, పద్నాలుగు రోజులూ చెప్పాను" అని ఒకసారి, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు అనేది. నేను జోకులు వేశాను. నాకింకేం చేతనవును?

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం నుంచి గాలి ఉత్తరానికి తిరిగింది. నాలుగింటికి సన్నటి మంచు మొదలైంది. నేను గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేసి, గడ్డకట్టి పగలకుండా పంపులన్నీ మూసేశాను. మిగతా బళ్ళు వెళ్ళిపోయాయి. బెల్టు కీచు మామూలుకన్నా ముందే వచ్చింది, మెర్ల్‌కి చలి తట్టుకోవడం కష్టమైనట్టుంది. ఆ సాయంత్రం నేనూ ఆవిడ వెంట నడిచాను, దారి జారుతోందని. అన్నీ ఖాళీ స్థలాలే. అయినా ప్రతి గుంజ మీదా టార్చి వేసి చూసింది. నలభై దగ్గర ఆగింది.

అక్కడి నుంచి చూస్తే స్ప్రూస్ చెట్ల వెనక ట్రైలర్ మూల కనిపిస్తుంది. కిటికీలకి దుప్పట్లు కట్టారు. పైకప్పు మీద మాత్రం సన్నటి వెలుతురు గీత ఒకటి, మంచు మీద పడి కనిపిస్తోంది. ఆవిడ ఆ గీతనే చూస్తూ నిలబడింది. ఎంతసేపని చెప్పను, నా కాళ్ళు మొద్దుబారేంతసేపు. ఒక చెయ్యి పైకి లేచింది, తలుపు తట్టడానికి లేచినట్టు.

"వెళ్ళి ఒక్క మాట చెప్పొస్తానురా."

"ఏమని చెప్తారు? చూశానని చెప్తారా? చూశాక ఇవాళ రాత్రి ఏం రాస్తారు?"

"రాయను."

"మీరు రాయకుండా ఉండలేరు, నాకు తెలుసు. తెల్లారితే ట్వైలా చేతిలో తాళం చెవి ఉంటుంది. ఇంకొక్క రాత్రి, మిసెస్ క్వామ్. పదండి, మీ పెదాలు నల్లబడ్డాయి."

ఆవిడ ఇంకాసేపు నిలబడింది. తరవాత వెనక్కి తిరిగింది. నేను మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. నా గొప్పతనం చూడండి, జారి పడకుండా తెచ్చాను.

పదిహేనో తారీకు పొద్దున నేను ఆరింటికే వచ్చాను, పంపులు చూసుకోవడానికి. ఆరున్నర అయింది. బెల్టు కీచు లేదు. ఆరూ ముప్పావు అయింది. గేటు దగ్గర మంచు మీద చక్రాల గుర్తు లేదు. నేను ఒకటో నంబరు వైపు తిరిగేసరికి మిసెస్ క్వామ్ పరుగెడుతోంది. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, రాత్రి గౌను మీద కోటు వేసుకుని, జారి లేచి, మళ్ళీ పరుగెడుతోంది. నలభై దగ్గర ఆగలేదు.

తలుపు లోపలి గడియ నేనే ఊడగొట్టాను. మెర్ల్ తలుపు పక్కన బల్ల మీద పడుకునేవాడు, గురక పెడతానని. తలుపు కింద సందు నుంచి గాలి తగిలినట్టుంది, మూలుగుతున్నాడు. ట్వైలా లోపలి మంచం మీద ఉంది. బుగ్గలు ఎర్రగా, ఎండలో తిరిగొచ్చిన మనిషిలా కళగా ఉన్నాయి. మిసెస్ క్వామ్ ఆ బుగ్గ మీద చెయ్యి వెనక భాగం ఆనించింది, పొయ్యి ఆరిందో లేదో చూసినట్టు. ఊపిరి లేదు. ఆ చెయ్యి అక్కడే ఉంచింది. నేను పైకి చూశాను. పైకప్పు కిటికీ గట్టిగా మూసి ఉంది, దాని చుట్టూ ఒక తువ్వాలు మెలితిప్పి కుక్కి ఉంది. జుట్టు కత్తిరించినప్పుడు మిసెస్ క్వామ్ మెడకి చుట్టిన తువ్వాలే.

షెరీఫ్ ఆఫీసు నుంచి పోలీసు వచ్చాడు, రాసుకున్నాడు, వెళ్ళాడు. ఓల్డకర్ వచ్చి ఏడ్చింది. ఆ పిల్ల ఏడుపు నిజమే. తరవాత జాబితాలు తిరగేసింది. మిసెస్ క్వామ్ జాబితాలో తప్పు ఒక్కటీ దొరకలేదు. "మీ మీద ఏమీ రాదు" అని చెప్పింది. అది విన్నప్పుడు ఆవిడ మొహం ఎలా అయిందో నాకే తెలుసు. ఏదో ఒకటి వచ్చుంటే ఆవిడకి కొంచెం ఊపిరి ఆడేది.

ఆవిడ క్యాంపు మూసేదాకా ఉంది. ఎవరూ లేరు, పని లేదు. అయినా ప్రతి సాయంత్రం నలభై రెండు దాకా నడిచి వచ్చేది. నాతో మాట్లాడటం తగ్గించింది. తిట్టింది లేదు. తిడితే బాగుండునని కాఫీ కోసం రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి.

అక్టోబరు ఆఖరి రోజున మెర్ల్ వచ్చాడు, ఎవరి బండిలోనో, ట్రైలర్‌లో మిగిలిన సామాను తీసుకోవడానికి. మనిషి సగమయ్యాడు. సామాను రెండు పెట్టెల్లో పట్టింది. వెళ్ళబోతూ మిసెస్ క్వామ్ ట్రైలర్ ముందుకొచ్చి నిలబడి టోపీ తీశాడు.

"నీతో ఒక మాట చెప్పాలి, ఆర్డిత్. నువ్వు మనసులో ఏమేమో పెట్టుకుంటావని ట్వైలా తరఫున చెప్తున్నా. మేం నిన్ను రోజూ చూసేవాళ్ళం. దుప్పటి సందులోంచి. నీ లైటు నలభై దగ్గర ఆగి తిరిగిపోయేది. 'అదిగో తిరిగింది, చల్లగా ఉండాలి ఆ తల్లి' అనేది ట్వైలా. నువ్వు తిరిగాకే హీటర్ వెలిగించేవాళ్ళం. రెండు వేళ్ళు తెరిచే ఉంచేది. అయిదు రాత్రులూ ఉంచింది. నీ మాట ఎప్పుడూ దాటలేదు."

మిసెస్ క్వామ్ తలుపు పట్టుకుని నిలబడింది.

"మరి ఆ రోజు?" అంది.

"ఆ రోజు నువ్వు చాలాసేపు నిలబడ్డావు కదా. ఇంకో మనిషి కూడా ఉన్నాడు నీ పక్కన. పై సందులోంచి వెలుతురు కనిపిస్తోందేమో, ఆ రెండో మనిషి ఆఫీసువాడేమో అని భయపడింది. 'మన మూలంగా ఆర్డిత్ మాట పడకూడదు' అంది. స్టూలెక్కి తనే తువ్వాలు కుక్కింది. పొద్దున్నే తీసేద్దాం, ఒక్క రాత్రేగా అంది."

ఆ రెండో మనిషిని నేను. మెర్ల్ వెనక కట్టెల మోపు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"నేను వచ్చి తలుపు తట్టుంటే?" అంది మిసెస్ క్వామ్.

మెర్ల్ ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. "తట్టుంటే తీసేవాళ్ళం. నీకు కాక ఇంకెవరికి తీస్తాం?"

ఆవిడ లోపలికి వెళ్ళి జామ్ సీసా తెచ్చి అతని చేతిలో పెట్టబోయింది. మెర్ల్ పుచ్చుకోలేదు. "అది నీకోసం చేసింది. తను చేసినవాటిలో అదే ఆఖరుది" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నేను ఆవిడ ట్రైలర్ ట్రక్కుకి తగిలించి పెట్టాను. గొలుసు బిగించాను, లైట్లు చూశాను, చూసినవే మళ్ళీ చూశాను. వచ్చే మే నెలలో వస్తారా అని అడిగే ధైర్యం లేక చక్రాల గాలి గురించి మాట్లాడాను. ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దం దించి, ముందుకే చూస్తూ ఉంది. జడ ఎప్పుడో పోయింది, ట్వైలా కత్తిరించిన జుట్టు వెనక కొంచెం వంకరగా ఉంది.

"మిసెస్ క్వామ్, ఆ తప్పు నాది. మీరు వెళ్తానన్నారు. నేనే వద్దన్నాను."

"నీ మాట విన్నది నేను" అంది. తాళం తిప్పింది, ఇంజను అందుకుంది. వెళ్ళిపోతుందనుకుని నేను వెనక్కి అడుగు వేశాను. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు సీటు కింద దొరికిన ఆ శుక్రవారం నాకూ ఇంటికి పోవాలని తొందరగానే ఉంది. ఎయినర్ పుట్టినరోజు. నలభై దగ్గర నిలబడ్డ రాత్రిలాగే అప్పుడూ నా కాళ్ళు చలికి మొద్దుబారిపోయాయి. కాకపోతే ఆ రోజు బస్సులో, ఇవాళ్టికి చాల్లే, వెనక్కి వచ్చెయ్ అని చెప్పేవాడు ఎవడూ లేడు, కర్బీ."

నలభయ్యారేళ్ళలో ఆవిడ నన్ను పేరుతో పిలిచింది అప్పుడే. ట్రక్కు గేటు దాటి దక్షిణం దారి పట్టింది. నేను కట్టెల కొట్టు తాళం వేసి, చీకటి పడే వేళకి టార్చి తీసుకుని ఒకటో నంబరు నుంచి నడవడం మొదలుపెట్టాను.